ప్రయోగ నాటకం వేయబోతున్న శిష్యురాలికి

అమ్మాయీ,

నీ స్క్రిప్టు చదివాను. బాగుంది. కాకపోతే మూడో సీన్‌లో నీ కథానాయిక ప్రేక్షకుల వైపు తిరిగి "అసలు నేనెవర్ని?" అంటుంది చూడూ, ఆ డైలాగ్ తీసెయ్. ఆ ముక్క నోటితో అడిగేశాక ఇక జనం చూడటానికి ఏం మిగిలింది? అంతకుముందు ఆమె ఆన్‌లైన్ ఫారం నింపుతూ "నేను రోబోను కాదు" అనే గడి దగ్గర ఆగుతుంది. టిక్ పెట్టబోయి వేలు వెనక్కి తీసుకుంటుంది. నాటకం ప్రాణమంతా అక్కడుంది. ఇంకాస్త సాగదియ్యి. ముందు జనం నవ్వుతారు. ఆ నవ్వు పూర్తిగా ఆగేదాకా వేలు కదపొద్దని నటికి చెప్పు.

బెంగాలీ నాటక రచయిత బాదల్ సర్కార్ 1963లో 'ఏవం ఇంద్రజిత్' అనే నాటకం రాశారు. అందులో అమల్, విమల్, కమల్ పేర్లు చెప్పాక నాలుగోవాడు తన పేరు నిర్మల్ అంటాడు. ఆ నాటకంలోనే ఉన్న రచయిత పాత్ర నమ్మక గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు ఇంద్రజిత్ అని ఒప్పుకుంటాడు. అస్తిత్వం గురించి ఒక్క ఉపన్యాసం లేదు, ఒక దొంగ పేరుతో పని జరిగిపోయింది. నీ పాత్రలకీ అలా చేతికో పని ఇవ్వు.

జనానికి అర్థం కాదేమోనని రాశావు. 1957లో బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో'ని అమెరికాలోని శాన్ క్వెంటిన్ జైల్లో సుమారు 1,400 మంది ఖైదీల ముందు ఆడారు. ఎప్పటికీ రాని గోడో అనే మనిషి కోసం ఇద్దరు ఎదురుచూడటమే దాని కథ. బయట చదువుకున్నవాళ్లే తల పట్టుకున్న నాటకం అది. ఖైదీలు మాత్రం లీనమైపోయి చూశారు. ఎదురుచూడటమంటే ఏమిటో వాళ్లకి ఒకరు చెప్పాలా? కాబట్టి బ్రోచర్‌లో నాటకానికి అర్థం రాయకు. నిడివి రాయి. స్ట్రోబ్ లైట్లు, అంటే టకటకా వెలిగి ఆరే లైట్లు వాడితే ఆ హెచ్చరిక కూడా వెయ్యి, మూర్ఛ ఉన్నవాళ్లకు అవి ప్రమాదం.

ప్రయోగం అనగానే పొగ మెషీన్, తెర నిండా వీడియోలు తెచ్చేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను. వెనకాల బొమ్మ కదిలితే కళ్లు అటే పోతాయి, ముందున్న నటుడు ఎంత చేసినా దండగ. వీడియో ఉంటే నటుడిని కదలనివ్వకు, నటుడు కదులుతుంటే వీడియోని ఆపు. చీటికీమాటికీ లైట్లు ఆర్పకు. చీకటి పడ్డప్పుడల్లా జనం ఫోన్లు తీస్తారు. స్టేజీ మీద వాడే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, స్క్రీన్ దానంతటదే ఆరిపోకుండా సెట్ చెయ్యి.

ఇక అయిదో సీన్‌లోని ప్యానిక్ అటాక్. ఇక్కడ మాత్రం బాగా జాగ్రత్త. నటుడు నిజంగానే గబగబా ఊపిరి తీస్తూ పోతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి కళ్లు తిరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. డాన్సు స్టెప్పుల్లా లెక్క కట్టి నేర్పు: రెండు పొట్టి ఊపిర్లు, చిన్న ఆగుడు, సగంలో తెగిన మాట, మళ్లీ మామూలు ఊపిరి. చివరి వరుసలో వాడికి కనబడేవి భుజాలు, మెడ, చేతులే. "నీ జీవితంలో పడ్డ బాధ గుర్తు తెచ్చుకో" అని ఎవరినీ అడగకు. ఆ బాధ నిజంగా పడుతున్నవాళ్లు నీ టీమ్‌లోనే ఉండొచ్చు, నీకు చెప్పి ఉండరు. ఆ సీన్ రిహార్సల్ అయ్యాక వెంటనే ఇంటికి పంపేయకు. కాసేపు కూర్చోబెట్టి, నాటకం ఊసెత్తకుండా కబుర్లు చెప్పి పంపు.

టెక్నికల్ రిహార్సల్‌కి ఒక రోజంతా కేటాయించు. ఆ రోజు నటనలో తప్పులు దిద్దొద్దు, అది లైట్లు, సౌండ్ చూసేవాళ్ల రోజు. ఏ లైటు, ఏ సౌండ్ ఎప్పుడు రావాలో రాసుకునే క్యూ షీట్ వాళ్ల చేతిలోనే కాదు, నీ దగ్గరా ఒక కాపీ ఉండాలి. కర్టెన్ కాల్, అంటే చివర్లో నటులంతా వచ్చి జనానికి నమస్కరించడం కూడా ప్రాక్టీస్ చేయించు. ఇలాంటి నాటకాల్లో అయిపోయిందో లేదో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. లైట్లు పూర్తిగా ఆరాక కాస్త ఆగి, మళ్లీ వెలిగేసరికి నటులంతా వరుసగా నిలబడి ఉండాలి.

ఉంటాను,
మీ మాస్టారు