‘బహుశా’ ఎక్కడ జారిపోయిందో చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ‘క్రిస్మస్, ఈస్టర్ అన్యుల పండగలేనా?’ అని శీర్షికలో అడిగి, మొదటి పేరా అయ్యేలోగా తీర్పు చెప్పేశావు. సూర్యదేవుడి పుట్టినరోజును క్రైస్తవులు లాక్కున్నారు, బాబిలోన్ దేవత ఇష్తార్ పేరే ఈస్టర్ అయింది, కుందేలు ఆవిడ వాహనం, క్రిస్మస్ చెట్టు పూర్వపు కెల్టుల పూజారులైన డ్రూయిడ్లది. వాక్యాలు చకచకా నడిచాయి, ఎక్కడా తడబాటు లేదు. నాకు ఇబ్బంది అక్కడే. రెండు వేల ఏళ్ల సంగతి రాస్తూ ఒక్కచోట కూడా కలం ఆగలేదంటే, ఆ దారి ముందే ఎవరో వేసిపెట్టారన్నమాట. డిసెంబర్ వస్తే వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్‌లు నాకూ వస్తాయి. వాటి వరస, నీ వ్యాసం వరస ఒకటే.

కోప్పడుతున్నానని అనుకోకు. ఎంచుకున్న విషయం మంచిది, తవ్వేకొద్దీ ఊరేది. తవ్వడం ఎలాగో చెబుదామనే ఈ ఉత్తరం. ముందు ఆ కుందేలు సంగతి చూద్దాం.

కుందేలును తగిలించేది ఎయోస్ట్రె అనే దేవతకు, ఈస్టర్ పేరు ఆమెదేనంటారు. ఆమె గురించి మనకు దొరికే పాత రాత ఒక్కటే. ఇంగ్లండ్‌లో బీడ్ అనే సన్యాసి 725లో కాలగణన మీద ఒక గ్రంథం రాశాడు. తమ పూర్వీకులు ఏప్రిల్ నెలకు ఆ దేవత పేరు పెట్టుకున్నారని, ఆ నెలలో ఆమెకు పండగలు చేసేవారని అందులో చెప్పాడు. అంతే. అక్కడ కుందేలు లేదు, గుడ్డు లేదు, కథ లేదు. 1835లో జర్మన్ భాషా పండితుడు జాకబ్ గ్రిమ్ జర్మన్లకూ అలాంటి దేవత ఉండి ఉంటుందని ఊహించి, ఆమెను ఆస్టరా అన్నాడు. 1874లో అడాల్ఫ్ హోల్ట్స్‌మన్ అనే జర్మన్ పండితుడు, ఈస్టర్ కుందేలు సంగతి తనకు అంతుపట్టడం లేదని ఒప్పుకుంటూనే, బహుశా అది ఆస్టరాకు పవిత్రమైన జంతువేమో అన్నాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఆ ‘బహుశా’ జారిపోయింది. దేవత ఒక పక్షిని కుందేలుగా మార్చిందన్న కథ కూడా పుట్టేసింది. నీ వ్యాసం దాకా వచ్చేసరికి ఆ కుందేలు వాహనమైంది. ఈ చివరి మెరుగు నీదే అనుకుంటా. దేవత కనిపిస్తే చాలు, వాహనం ఏదని వెతకడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఇలాంటివి రాసేటప్పుడు నువ్వు పట్టుకోవలసింది ఇదే. ప్రతి మాటా మొదట ఎవరన్నారు, ఏ సంవత్సరంలో అన్నారు, ఎంత గట్టిగా అన్నారు? తర్వాతివాళ్లు అందులో ఏం తీసేశారు? నాకు తెలిసి చరిత్ర వ్యాసాల్లో అబద్ధాల కంటే రాలిపోయిన ‘బహుశా’లే ఎక్కువ.

గుడ్ల సంగతి ఇంకా తేలిక. అప్పటి యూరప్‌లో ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల ఉపవాసంలో మాంసంతోపాటు గుడ్లూ మానేసేవారు. కోళ్లకు ఉపవాసం ఉండదు కదా, పెడుతూనే ఉంటాయి. పండగ నాటికి ఇంటినిండా గుడ్లే. 1290లో ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ ఇంటి ఖర్చుల లెక్కలో ఈస్టర్‌కు 450 గుడ్లు, 18 పెన్నీలు అని ఉంది. వాటికి రంగులేసి, బంగారు రేకు అంటించి పంచిపెట్టారు. ఇరానీయుల కొత్త సంవత్సరం నౌరోజ్‌లోనూ రంగు గుడ్లు ఉంటాయి నిజమే. పోలిక ఉందని రాయి, అక్కడినుంచే వచ్చిందని రాయకు.

ఇష్తార్‌ని మొత్తంగా తీసెయ్. ఆ పండగను గ్రీకులు, లాటిన్‌వాళ్లు యూదుల పస్కా పేరుతోనే పిలిచారు. దాన్ని ఏ రోజు చేయాలన్న దాని మీద ఆసియా మైనర్ సంఘాలకూ రోమ్‌కూ రెండో శతాబ్దంలోనే పెద్ద గొడవ జరిగింది. అప్పటికి ఇంగ్లిష్ భాషే లేదు.

డిసెంబర్ 25 మాత్రం ఇలా ఒక్క మాటతో తేలదు. నువ్వు రెండు వాక్యాల్లో దాటేసింది కూడా దీన్నే.

354లో రోమ్‌లో ఫిలోకలస్ అనే లేఖకుడు వాలెంటినస్ అనే క్రైస్తవుడి కోసం అందమైన క్యాలెండర్ సంపుటి ఒకటి తయారుచేశాడు. అసలు ప్రతి పోయింది, నకళ్లకు నకళ్లు మిగిలాయి. అందులో నగర పండగల పట్టికలో డిసెంబర్ 25 ఎదురుగా పొడి అక్షరాల్లో ఒక ముక్క ఉంటుంది: అజేయుడి జన్మదినం, రథ పందేలు 30. సూర్యుడి పేరు అక్కడ లేదు, అజేయుడంటే ఆయనేనని మనం చదువుకుంటున్నాం. అదే సంపుటిలో మరోచోట రోమ్ సంఘం హతసాక్షులను తలుచుకునే రోజుల జాబితా ఉంది. దాని మొదటి వరుస: జనవరి కలెండ్స్‌కు, అంటే నెల మొదటి రోజుకు, ముందు ఎనిమిదో రోజున యూదయ బేత్లెహేములో క్రీస్తు పుట్టాడు. రోమన్ల లెక్కలో అదీ డిసెంబర్ 25వ తేదీయే. ఈ జాబితా 336 నాటిదని పండితుల అంచనా. ఒకే పుస్తకం అట్టల మధ్య ఇద్దరి పుట్టినరోజులూ ఉన్నాయి. ఏది ముందు, ఎవరు ఎవర్ని చూసి పెట్టుకున్నారన్నది మాత్రం ఆ పుస్తకం చెప్పదు. ఒకే ముహూర్తానికి వీధిలో రెండు పెళ్లిళ్లు జరిగితే, వీళ్లను చూసి వాళ్లు పెట్టుకున్నారని అనలేం కదా, అలాగని ఆ మాట కొట్టిపారేయనూలేం.

274లో ఆరేలియన్ చక్రవర్తి రోమ్‌లో సూర్యుడికి గుడి కట్టించాడు, అందులో అనుమానం లేదు. దాన్ని డిసెంబర్ 25నే ప్రతిష్ఠించాడని ఆనాటివాళ్లెవరూ రాయలేదు. పైగా ఆ క్యాలెండర్‌లోనే అక్టోబర్ 22న సూర్యుడికి 36 పందేలు కనిపిస్తాయి. పందేలను బట్టి చూస్తే అక్టోబర్ పండగే పెద్దది. ఈ చిన్న అంకె నీ వ్యాసంలో ఉంటే పాఠకుడు లేచి కూర్చుంటాడు.

తేదీ సూర్యుడి పండగలోంచి కాదు, లెక్కలోంచి వచ్చిందనే రెండో పక్షం వాదన నీ వ్యాసంలో అసలు లేదు. క్రీస్తు సిలువ మరణం మార్చి 25న జరిగిందన్న లెక్క 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికా క్రైస్తవ రచయిత టెర్టులియన్ నాటికే ఉంది. గర్భాన పడిందీ అదే తేదీన అనుకుంటే, తొమ్మిది నెలలకు డిసెంబర్ 25 వస్తుంది. తూర్పున కొందరు మార్చి 25 బదులు ఏప్రిల్ 6 అనుకున్నారు, దానికి తొమ్మిది నెలలు కలిపితే జనవరి 6. ఆర్మీనియా సంఘం ఇప్పటికీ క్రీస్తు జననాన్ని ఆ రోజే చేస్తుంది. ఈ వాదాన్ని 1889లో ఫ్రెంచి చరిత్రకారుడు లూయి డ్యూషేన్ ముందుకు తెచ్చాడు. రెండు తేదీలూ ఒకే లెక్కతో కుదరడం దీని బలం. బలహీనత కూడా చెప్పాలి. గర్భధారణ, మరణం ఒకే తేదీనని విడమరిచి చెప్పిన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఐదో శతాబ్దం మొదట్లోవాడు, అప్పటికే పండగ నడుస్తోంది. పండగ పెట్టుకున్నాక లెక్క కుదుర్చుకుని ఉండొచ్చు. సూర్యుడి పండగ వల్లే తేదీని జనవరి 6 నుంచి మార్చారని సూటిగా చెప్పే రాత కూడా ఒకటుంది. 12వ శతాబ్దపు సిరియా రచయిత బార్ సలీబీ ప్రతి అంచున ఎవరో రాసిన వ్యాఖ్య అది. సంఘటనకీ సాక్షికీ మధ్య ఎనిమిది వందల ఏళ్లు.

‘సూర్యుడి పండగను చర్చి తన పండగగా మార్చుకుంది’ అని రాశావు. దాని బదులు ‘నాలుగో శతాబ్దం నడుమ రోమ్‌లో డిసెంబర్ 25 ఇద్దరిదీ’ అని రాసి చూడు. పొట్టి వాక్యం, నిజం, పైగా చదివేవాడికి తర్వాత ఏమైందోనన్న ఆత్రం పుడుతుంది.

అలాగని అవతలి గట్టుకు దూకకు. ‘ఇదంతా కట్టుకథ, మా పండగల్లో అన్యుల వాసనే లేదు’ అని రాసేవాళ్లూ ఉన్నారు, వాళ్లదీ తొందరే. అన్యుల ఇళ్ల కంటే క్రైస్తవుల గుమ్మాలకే దీపాలు, లారెల్ తోరణాలు ఎక్కువ కనిపిస్తున్నాయని టెర్టులియన్ తిట్టిపోశాడు. డిసెంబర్ 17న మొదలై వారం దాకా సాగే రోమన్ల పండగ సాటర్నేలియాలో మనవాళ్లూ కానుకలు ఇచ్చిపుచ్చుకుంటున్నారని కూడా వాపోయాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత లియో పోప్ క్రిస్మస్ ప్రసంగంలో ఇంకో ఫిర్యాదు ఉంది. సెయింట్ పీటర్స్ మెట్లెక్కి, లోపలికి వెళ్లేముందు వెనక్కి తిరిగి ఉదయించే సూర్యుడికి వంగి దండం పెడుతున్నారట. ఆ మెట్ల మీది మనిషిని కాసేపు చూడు. వెళ్తున్నది చర్చికే, వంగింది సూర్యుడికి. తాను రెండు మతాల మధ్య నిలబడ్డానని అతనికి అనిపించి ఉండదు. ఇలాంటి మనిషి నీ వ్యాసంలో ఒక్కడు కూడా లేడు. ఉన్నదంతా చర్చి, సామ్రాజ్యం, కుట్ర.

కుట్ర అన్నాను గనక గ్రెగరీ ఉత్తరాలు చూడు. 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండ్ మిషనరీల కోసం అక్కడికి వెళ్తున్న మఠాధిపతి మెల్లిటస్‌కు రాసినది అందరూ ఎత్తి చూపిస్తారు: గుళ్లు పడగొట్టొద్దు, విగ్రహాలు తీసేసి పవిత్ర జలం చల్లండి, వాళ్లు ఎడ్లను బలిచ్చి చేసే విందులను సంఘ పండగ రోజున కొమ్మల పందిళ్లు వేసుకుని చేసుకోనివ్వండి. అరువు తెచ్చుకోవడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? అయితే అదే ఏడాది, వారాల ముందు, అదే గ్రెగరీ కెంట్ రాజు ఎథెల్‌బర్ట్‌కు రాస్తూ విగ్రహాలను అణచివేయమని, గుళ్లను పడగొట్టమని చెప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టు. పథకం వేసినవాడు కాదు, ఆలోచన మార్చుకుంటున్న మనిషి కనిపిస్తాడు.

మన దగ్గర కూడా దీనికి సజీవమైన ఉదాహరణ ఉంది, అది నీ కళ్లెదుట ఉన్నా రాయలేదు. కోస్తా ఊళ్లలో క్రిస్మస్ తెల్లవారుజామున వాకిట కళ్లాపి చల్లి ముగ్గేసి, మధ్యలో రంగులతో ‘హ్యాపీ క్రిస్మస్’ అని రాసే ఇళ్లు ఎన్నో. లోపల అరిసెలు, జంతికలు. ఇదంతా అన్యాచారమని మందలించే పాస్టర్లున్నారు, పట్టించుకోని పాస్టర్లూ ఉన్నారు. యెహోవా సాక్షులైతే క్రిస్మసే చేయరు. ఆ ముగ్గేసే ఆవిడ పక్కన కూర్చుని, ఎందుకు వేస్తున్నారని అడుగు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సిద్ధాంతానికి సరిపోయేలా దిద్దకు. టెర్టులియన్ తిట్టిన పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి గుమ్మాలను అర్థం చేసుకోవడానికి ఇది కొంత ఉపయోగపడుతుంది. రుజువు మాత్రం కాదు.

చెట్టు గురించి ఎక్కువ చెప్పను. ఫర్ చెట్టును గదిలో నిలబెట్టి కాగితపు గులాబీలు, ఆపిల్ పళ్లు, చక్కెర బిళ్లలు వేలాడదీసిన వర్ణన 1605 నాటి స్ట్రాస్‌బర్గ్‌ది. ఇంగ్లండ్‌లో అది ఇంటింటికీ చేరడానికి 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ పత్రికలో రావడం బాగా కలిసొచ్చింది. డ్రూయిడ్ల కాలం ఎక్కడ, ఇదెక్కడ? బైబిల్లోంచి యిర్మీయా పదో అధ్యాయాన్ని కూడా తెచ్చావు. అక్కడ చెట్టు నరికి, వెండి బంగారాలు తొడిగి, కదలకుండా మేకులు కొట్టేది విగ్రహానికి. ఒక్క వచనం కిందికి చదివితే అది మాట్లాడదని, నడవలేదని ఉంటుంది.

ఇంతకీ ఈ వాదన ఎక్కడ పుట్టిందో కనుక్కున్నావా? నువ్వు నాస్తికుల దగ్గర పుట్టిందనుకున్నట్టుంది. నిజానికి క్రైస్తవుల ఇంటిపోరులో పుట్టింది. బైబిల్లో లేని పండగ మనకెందుకని ప్యూరిటన్లనే కఠిన ప్రొటెస్టంట్లు 1647లో ఇంగ్లండ్‌లో క్రిస్మస్‌ను రద్దుచేశారు. 1659లో మసాచుసెట్స్‌లో క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681లో గానీ ఎత్తేయలేదు. ఈస్టర్‌కు ఇష్తార్‌ను తగిలించి ఊరూరా తిప్పింది స్కాట్లండ్ పాదిరి అలెగ్జాండర్ హిస్లప్. 1853లో చిన్న పుస్తకంగా, 1858లో పెంచి వేశాడు. కేథలిక్ మతమంతా బాబిలోన్ పూజేనని నిరూపించడం ఆయన పట్టుదల. ఈరోజు ఆయన మాటల్నే దేవుణ్ణి నమ్మనివాళ్లు చర్చి మీదికి విసురుతున్నారు. నీ వ్యాసానికి అసలైన మొదటి పేరా ఇక్కడుంది. కుందేలు దగ్గర కాదు.

ఇక చేయవలసిన పని. రోమన్లు కొలిచిన దేవుడు మిత్రా డిసెంబర్ 25న కన్యకు పుట్టాడన్న వాక్యం కొట్టెయ్. శిల్పాల్లో ఆయన బండలోంచి పుడతాడు, ఆ తేదీన ఆయన పుట్టినరోజు చేసినట్టు ఆధారమూ లేదు. ఈజిప్టు దేవుడు హోరస్ గురించిన వాక్యం కూడా తీసెయ్. మిగిలిన ప్రతి మాట పక్కనా మార్జిన్‌లో ఒక సంవత్సరం రాసుకో, సంవత్సరం దొరకని మాట వ్యాసంలో ఉంచకు. పత్రిక వాళ్లు డిసెంబర్ సంచికను నవంబర్‌లోనే కట్టేస్తారు, కాబట్టి ముగ్గుల ఇళ్లకు ఇప్పుడే వెళ్లి మాట్లాడిరా. చిత్తుప్రతి టైపు చేయకపోయినా ఫరవాలేదు, చేత్తో రాసిందే పంపు.

ఉంటాను.