సర్వర్‌లో ఫోల్డర్ ఎందుకు తయారు కావడం లేదు? – పాఠకుల సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: నేను పీహెచ్‌పీలో ఒక వెబ్ అప్లికేషన్ రాశాను. సభ్యులు ఫొటో పంపినప్పుడు వారి సభ్యత్వ సంఖ్యతో ఒక ఫోల్డర్ ఏర్పడి, ఫొటో అందులో చేరాలి. నా కంప్యూటర్‌లో ఇది సక్రమంగా జరుగుతోంది. లినక్స్ సర్వర్‌కు మార్చిన తరువాత ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తోంది. విచిత్రమేమిటంటే, సర్వర్‌లోకి లాగిన్ అయి అదే చోట నేను స్వయంగా ఫోల్డర్ చేస్తే ఏ ఇబ్బందీ ఉండడం లేదు. అనుమతులను 777గా మార్చమని మిత్రులు చెబుతున్నారు. మార్చవచ్చా?

జవాబు: మార్చకండి. 777 అంటే ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఆ ఫోల్డర్‌లో రాయవచ్చు, అందులోని ఫైళ్లను తొలగించవచ్చు అని అర్థం. పైగా అసలు కారణం వేరే చోట ఉంటే, అంత తలుపు తెరిచినా మీ పని జరగదు.

మీరు స్వయంగా చేస్తే జరుగుతోందన్న మాటలోనే సగం సమాధానం ఉంది. సర్వర్‌లో మీ ప్రోగ్రాము మీ పేరు మీద నడవదు. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలలో అది సాధారణంగా ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ అనే ఖాతా కింద, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఎక్కువగా ‘అపాచీ’ అనే ఖాతా కింద నడుస్తుంది. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ ప్రోగ్రాములను విడిగా నడిపే సేవ) వాడుతున్నట్లయితే ఆ ఖాతా ఏదన్నది దాని పూల్ కాన్ఫిగరేషన్ ఫైలులో రాసి ఉంటుంది. మీ కంప్యూటర్‌లో ప్రోగ్రామును నడిపేదీ, ఫోల్డరుకు యజమానీ మీరే కాబట్టి ఈ తేడా అక్కడ బయటపడలేదు. అందుచేత పరీక్షను కూడా ఆ ఖాతా పేరు మీదే చేయాలి. మరో ఖాతా పేరు మీద ఆదేశాలు నడిపే సుడో ఆదేశంలో ఆ ఖాతాను పేర్కొని, టచ్ ఆదేశంతో ఆ ఫోల్డర్‌లో ఒక ఖాళీ ఫైలును సృష్టించి చూడండి. అక్కడా అదే దోషం వస్తే చిక్కు మీ కోడ్‌లో లేదని తేలిపోతుంది.

తరువాత అనుమతుల సంగతి. ఆ సంఖ్యలోని మూడు అంకెలు వరుసగా యజమానికి, గ్రూపుకు, మిగతావారికి చెందుతాయి; చదవడానికి 4, రాయడానికి 2, ప్రవేశించడానికి 1 కలిపితే ఒక్కో అంకె వస్తుంది. ఒక ఫోల్డర్‌లో కొత్త ఫైలు గాని ఫోల్డరు గాని ఏర్పడాలంటే, ఆ ఫోల్డరు మీద రాసే అనుమతి ఒక్కటే చాలదు, లోపలికి ప్రవేశించే అనుమతి, అంటే ‘ఎక్స్’ బిట్, కూడా ఉండాలి. అంతేకాదు, అన్నిటికంటే పైనున్న మూల ఫోల్డరు నుంచి అక్కడి దాకా దారిలో ఉన్న ప్రతి ఫోల్డరు మీదా ఈ ప్రవేశానుమతి ఉండాలి. చాలామంది చివరి ఫోల్డర్‌నే పట్టుకుని అనుమతులు మారుస్తూ ఉంటారు. అడ్డుపడుతున్నది మాత్రం 700 లేదా 750తో మూసి ఉన్న హోమ్ ఫోల్డరు. ‘నేమ్‌ఐ’ అనే ఆదేశానికి ‘ఎల్’ ఐచ్ఛికంతో పూర్తి పాత్ ఇస్తే, దారిలోని ప్రతి మెట్టు యజమాని, గ్రూపు, అనుమతులు వరుసగా కనిపిస్తాయి. ఇంత ఉపయోగపడే ఆదేశం ఇంత తక్కువ మందికి తెలియడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

సరైన మార్పు చిన్నదే. అప్‌లోడ్ ఫోల్డరుకు మాత్రమే వెబ్ సర్వర్ ఖాతాను యజమానిగా చేసి 750 ఇవ్వండి. మీరూ అందులో రాయవలసి ఉంటే ఉమ్మడి గ్రూపు పెట్టి 2770 ఇవ్వండి. ముందున్న 2 వల్ల లోపల ఏర్పడే కొత్త ఫైళ్లకు కూడా అదే గ్రూపు సంక్రమిస్తుంది. ప్రోగ్రాము కోడ్ ఉన్న ఫోల్డర్లను మాత్రం వెబ్ సర్వర్ రాయగలిగే స్థితిలో ఉంచకండి. అప్‌లోడ్‌లో ఒక్క లోపం దొరికినా, దాడి చేసేవారు ఆ దారిలో మీ కోడ్‌నే మార్చివేయగలుగుతారు. అప్‌లోడ్ ఫోల్డరు వెబ్ రూట్ (వెబ్ సర్వర్ నేరుగా బయటకు చూపే ఫోల్డరు) బయట ఉంటే మరీ మంచిది.

ఇవన్నీ సరిగా ఉన్నా నిరాకరణే ఎదురైతే, రెడ్ హ్యాట్ కుటుంబపు సర్వర్లలో ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థను అనుమానించాలి. అక్కడ మామూలు అనుమతులు అంగీకరించినా, ఫోల్డరుకు వెబ్ సర్వర్ రాయదగినదన్న లేబుల్ లేకపోతే కెర్నెల్ (లినక్స్ కేంద్రభాగం) ఒప్పుకోదు. ఆడిట్ లాగ్‌లో ఆ నిరాకరణ నమోదై ఉంటుంది. ‘సెమానేజ్’తో సరైన లేబుల్‌ను నిర్దేశించి, ‘రిస్టోర్‌కాన్’తో వర్తింపజేయాలి. ఎస్ఈలినక్స్‌ను మొత్తంగా ఆపివేయడం 777కు మరో రూపమే.

ప్రశ్న: ఫోల్డరును సృష్టించే మేక్‌డిర్ ఫంక్షనుకు అనుమతుల సంఖ్య 755 అనే ఇచ్చాను. ఫోల్డరు ఏర్పడింది కాని, అందులోని ఫైళ్ల జాబితాను ప్రోగ్రాము చదవలేకపోతోంది. అప్పుడప్పుడు ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ అనే హెచ్చరిక కూడా వస్తోంది. ముందుగా ఫోల్డరు ఉందో లేదో చూసే షరతు రాశాను కదా?

జవాబు: అనుమతుల సంఖ్య అష్టాంశ పద్ధతిలో, అంటే 0 నుంచి 7 వరకు అంకెలతో రాసే పద్ధతిలో, ఉండాలి. పీహెచ్‌పీలో ముందు సున్నా లేకుండా 755 అని రాస్తే అది దశాంశ సంఖ్య అవుతుంది. దాని అష్టాంశ రూపం 1363. ఇందులో చివరి మూడు అంకెలను తీసుకుంటే యజమానికి దక్కేది 3, అంటే రాయడం, ప్రవేశించడం మాత్రమే. చదివే అనుమతి లేదు. 0755 అని రాయండి. పైథాన్ 3లో అయితే సున్నా తరువాత ‘ఓ’ అక్షరం కూడా తప్పనిసరి. మరొక సంగతి: మీరు ఇచ్చిన సంఖ్య నుంచి ప్రాసెస్ యూమాస్క్ (కొత్త ఫైళ్లకు, ఫోల్డర్లకు ఇవ్వకూడని అనుమతులను చెప్పే అమరిక) కొన్ని బిట్లను తీసివేస్తుంది. యూమాస్క్ 022 ఉన్నచోట 0775 అడిగితే 0755 మాత్రమే వస్తుంది. గ్రూపుకు రాసే అనుమతి కచ్చితంగా కావాలంటే, ఫోల్డరు ఏర్పడిన తరువాత అనుమతులను మార్చే సీహెచ్‌మాడ్‌తో విడిగా ఇవ్వాలి.

ఇక రెండో విషయం. మీరు ‘లేదు’ అని నిర్ధారించుకున్న క్షణానికీ, మేక్‌డిర్‌ను పిలిచిన క్షణానికీ మధ్య మరొక అభ్యర్థన వచ్చి అదే ఫోల్డరును సృష్టించి ఉండవచ్చు. వాడుకదారులు పెరిగినకొద్దీ ఇది తరచుగా కనిపిస్తుంది. ముందు చూసి తరువాత చేయడం కాక, నేరుగా సృష్టించమని అడిగి, విఫలమైతే ఫోల్డరు ఇప్పుడు ఉందో లేదో చూడాలి. ఉంటే ముందుకు సాగవచ్చు. పైథాన్‌లోని మేక్‌డిర్స్‌కు ‘ఎగ్జిస్ట్ ఓకే’ అని చెప్పడంతోనే ఈ పని పూర్తవుతుంది. ఫంక్షను ముందు ‘ఎట్’ గుర్తు పెట్టి హెచ్చరికలను అణచివేసే అలవాటు ఉంటే, కనీసం ‘ఎర్రర్ గెట్ లాస్ట్’ ఫంక్షనుతో ఆ సందేశాన్ని లాగ్‌లోకైనా చేర్చండి.

ప్రశ్న: డిస్కులో చాలా ఖాళీ ఉన్నట్టు డీఎఫ్ ఆదేశం చూపుతోంది. అయినా ఫైలు సృష్టించేటప్పుడు ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటోంది.

జవాబు: డీఎఫ్‌కు ‘ఐ’ ఐచ్ఛికం ఇచ్చి మళ్లీ చూడండి; ఐనోడ్లు (ఫైలు వివరాలను దాచే నమోదులు) అయిపోయి ఉండవచ్చు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి, వాటి సంఖ్య డిస్కును ఫార్మాట్ చేసినప్పుడే నిర్ణయమైపోతుంది. సాధారణ అమరికలో 16,384 బైట్లకు ఒకటి చొప్పున ఉంటాయి కాబట్టి, లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పేరుకుంటే స్థలం కంటే ముందు అవే నిండుకుంటాయి. తరచుగా దోషులు పాత సెషన్ ఫైళ్లు, క్యాష్ ఫైళ్లు.

ప్రశ్న: తెలుగులో పొడవైన పేర్లున్న పత్రాలు మాత్రమే భద్రం కావడం లేదు. ఇంగ్లీషు పేర్లకు ఈ ఇబ్బంది లేదు.

జవాబు: లినక్స్‌లో వాడుకలో ఉన్న ప్రధాన ఫైల్‌సిస్టమ్‌లలో ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు, అక్షరాలు కాదు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు కావాలి. మొత్తం మీద 85 సంకేతాలకు మించిన పేరు చెల్లదు. కనుక వాడుకదారు ఇచ్చిన పేరుతో ఫైలును దాచకండి. ప్రోగ్రాము తానే సృష్టించిన ఒక యాదృచ్ఛిక గుర్తింపుతో డిస్కులో పెట్టి, అసలు పేరును డేటాబేస్‌లో ఉంచి, డౌన్‌లోడ్ సమయంలో దానిని తిరిగి చూపండి. రెండు చుక్కలు, స్లాష్ కలిపిన (పై ఫోల్డరుకు వెళ్లమని అర్థమిచ్చే) పేరు పంపి మీ ఫోల్డరు దాటి బయట రాయాలని చూసేవారికి కూడా దీనితో అవకాశం పోతుంది.