మన టీకాలు మనమే తయారు చేసుకుంటుంటే బయటి తోడ్పాటు దేనికి?

ప్రశ్న: మన హైదరాబాద్‌లో తయారైన టీకాలు ఎన్నో దేశాలకు వెళుతున్నాయి కదా. అలాంటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వంటి సంస్థల సహకారం మనకింకా అవసరమా? ఏ జబ్బుకు ముందు టీకా వేయాలో వాళ్లే నిర్ణయిస్తున్నారా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: నిర్ణయం మన ప్రభుత్వానిదేనమ్మా. 1995లో మొదలైన పల్స్ పోలియో ఖర్చులో అధికభాగం మన ఖజానాయే భరించింది. కానీ సహకారమంటే డబ్బొక్కటే కాదు.

చుక్కల మందులో బలహీనపరిచి వాడే రెండో రకం పోలియో వైరస్ చాలా అరుదుగా మార్పు చెంది, తిరిగి బలం పుంజుకుని జబ్బు కలిగించగలదు కాబట్టి, 2016 ఏప్రిల్‌లో నూట యాభైకి పైగా దేశాలు పక్షం రోజుల వ్యవధిలో ఆ రకాన్ని మందులోంచి తొలగించాయి. ఒక దేశం మానేసి పొరుగు దేశం వాడుతూ ఉంటే ప్రయోజనం ఉండేది కాదు. ఇది ఎవరికి వారు చేసుకోగల పని కాదు.

ఆ కొద్ది రోజులకే మన నగరంలో తీసిన మురుగునీటి నమూనాలో అలా మారిన వైరస్ బయటపడింది. ఏ బిడ్డకూ పక్షవాతం రాకముందే నీటిలో దాన్ని పట్టుకోగలిగామంటే, అది మన ఆరోగ్యశాఖ ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 1997 నుంచి నడుపుతున్న నిఘా చలవే. చుక్కల మందులోంచి తీసేసిన ఆ రకం నుంచి కూడా కాపాడే పోలియో ఇంజెక్షన్‌కు అప్పట్లో ప్రపంచమంతటా కొరత. అందుకే జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు పూర్తి మోతాదులో అయిదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పైపొరలోకి ఎక్కించారు. సూది సరిగ్గా పడితే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది. లేవకపోతే మందు లోతుకు పోయిందన్నమాట. ఇలా రెండుసార్లు వేసిన కొద్ది మోతాదు ఒక పూర్తి మోతాదుకు తీసిపోదని క్యూబా, బంగ్లాదేశ్‌లలో జరిగిన పరీక్షల వల్లే తెలిసింది.

మీ సందేహంలో న్యాయం లేకపోలేదు. ఆదివారపు చుక్కల మందుపై చూపిన శ్రద్ధ ఏళ్ల తరబడి మామూలు టీకాలపై చూపలేదన్న బాధ నాకూ ఉంది. మామూలు టీకాలు అందని పిల్లలను వెతికి వేసే మిషన్ ఇంద్రధనుష్ 2014 డిసెంబరులో మొదలయ్యాకే ఆ లోటుపై గట్టిగా దృష్టి పడింది.

మీ వీధిలో పదిహేనేళ్లలోపు బిడ్డకు కాలో చెయ్యో ఉన్నట్టుండి చచ్చుబడితే, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చెప్పించండి. అది పోలియోనా కాదా తేల్చడానికి, చచ్చుబడిన పద్నాలుగు రోజుల్లోపు, కనీసం ఒక రోజు ఎడంతో రెండు మల నమూనాలు తీయాలి. ఆలస్యమైతే వైరస్ చిక్కే అవకాశం తగ్గిపోతుంది.