ముట్లు ఆగిన తొమ్మిదేళ్లకు ఎర్ర మరక: మాత్రలతో సరిపెట్టుకోకండి, ముక్క పరీక్షకు రండి

డాక్టర్ సలహా

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా అత్తగారిది నెల్లూరు దగ్గర పల్లె, వయసు 59. షుగరు, బీపీ ఉన్నాయి, మనిషి కాస్త లావు. ముట్లు ఆగి తొమ్మిదేళ్లయింది. ఉగాది ముందు నుంచి అప్పుడప్పుడూ ఎర్రగా కనబడుతోంది. మెడికల్ షాపు మాత్రలు వేసుకుంటే ఆగింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వేసుకున్నారు. శ్రావణంలో ఇక్కడికి తీసుకొచ్చి స్కాన్ తీయిస్తే గర్భసంచి లోపలి పొర 13 మిల్లీమీటర్లు అని వచ్చింది. ఊళ్లో డాక్టరు గర్భసంచి తీసేద్దాం అంటున్నారు. స్కాన్ చూసిన ఇక్కడి డాక్టరమ్మ ముందు ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాలన్నారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మా మామగారి భయం. ఒకవేళ క్యాన్సరే అయితే కీమోకి జుట్టంతా ఊడిపోతుందా? ఏం తిండి పెట్టాలి? ఆమెకు చెప్పాలా, వద్దా?
ఒక కోడలు, చెన్నై

జవాబు: అమ్మా, జుట్టు సంగతీ తిండి సంగతీ తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది "మళ్లీ వేసుకున్నారు" అన్న మాట. ఉగాది నుంచి శ్రావణం దాకా నాలుగు నెలల పైమాటే. ముట్లు ఆగి ఏడాది దాటిన ఆడమనిషికి ఒక్క చుక్క కనబడినా డాక్టరుకు చూపించాల్సిందే. "వేడి చేసింది", "ఆఖరి ముట్టు ఇప్పుడొచ్చింది" అని ఇంట్లో సర్దిచెప్పుకునే విషయం కాదిది.

ఏ మాత్రలో మీరు రాయలేదు. ఇలాంటప్పుడు షాపులో ఎక్కువగా ఇచ్చేది ట్రానెక్సామిక్ యాసిడ్. కట్టిన రక్తపు గడ్డ తొందరగా కరిగిపోకుండా అది పట్టి ఉంచుతుంది. దాని పని అంతవరకే. రక్తం ఎందుకు వస్తోందో అది పట్టించుకోదు, ఆ కారణాన్ని తగ్గించదు. నేనూ ఈ మందు రాస్తాను, కాకపోతే పరీక్షలు జరుగుతుండగా, కొద్ది రోజులకు. కాళ్ల నరాల్లో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఇదివరకు రక్తం గడ్డకట్టిన వాళ్లకు ఇది ప్రమాదం. షాపులో ఆ చరిత్ర ఎవరూ అడగరు. కొందరికి హార్మోను మాత్రలు ఇస్తారు. వాటితో మరక ఆగేసరికి ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉంటారు, లోపలి జబ్బు మాత్రం దాని దారిన అది పెరుగుతూ ఉంటుంది. రక్తం ఆగడం వేరు, జబ్బు తగ్గడం వేరు. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే వాళ్లలో చాలామంది మరక ఆగిందన్న ధైర్యంతోనే నెలలు గడిపినవాళ్లు.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ముట్లు ఆగాక రక్తం కనిపించిన పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి క్యాన్సర్ ఉండదు. లోపలి పొర పలచబడి చిట్లడమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో కారణం అవుతుంది. కానీ మీ అత్తగారి విషయంలో 13 మిల్లీమీటర్లు అంటున్నారు. ముట్లు ఆగి ఇలా రక్తం కనబడే వాళ్లలో పొర 4 మిల్లీమీటర్లు దాటితే చాలు, మేం ముక్క పరీక్ష అడుగుతాం. పైగా షుగరు, బీపీ, లావు, ఈ మూడూ గర్భసంచి పొర క్యాన్సర్ ఎక్కువగా కనబడే వాళ్లలో మేం చూసేవే. అందుకని ఆ పదిమందిలో ఆమె ఎవరో ఊహించుకుంటూ కూర్చోవడం తగదు.

మీ ఉత్తరంలో స్కాన్ ఉంది గానీ లోపలి పరీక్ష మాటే లేదు. స్పెక్యులం (లోపల చూడటానికి వాడే పరికరం) పెట్టి గర్భసంచి ముఖద్వారాన్ని ఎవరైనా కళ్లతో చూశారా? స్కాన్ మామూలుగా ఉన్నా ముఖద్వారం దగ్గర పుండు ఉండొచ్చు. మన దేశంలో ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది ముఖద్వారం క్యాన్సరే, ఏటా లక్షకు పైగా కొత్త కేసులు. మన పెద్దవాళ్లు సిగ్గుతో ఈ పరీక్షను దాటేస్తారు, రద్దీలో కొందరు డాక్టర్లూ దాటేస్తారు. ఆడ డాక్టరు కావాలని అడగొచ్చు, పక్కన నర్సును ఉండమనొచ్చు, తప్పేం లేదు. ఇంకో రెండు విషయాలు కూడా డాక్టరుకు చెప్పాలి: ఆమెకు ఇదివరకు రొమ్ము క్యాన్సర్ వచ్చి టామోక్సిఫెన్ అనే మందు వాడారా, పుట్టింటి వైపు ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ గానీ గర్భసంచి క్యాన్సర్ గానీ ఉందా.

ఇక ముక్క పరీక్ష. చాలామందికి ఓపీలోనే అయిపోతుంది. బాల్‌పెన్ రీఫిల్ అంత సన్నటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి పంపి, పొరలోంచి కాస్తంత పీల్చి తీస్తాం. గొట్టం లోపల ఉన్నది ఒకటి రెండు నిమిషాలే. ముట్టు నొప్పిలాంటిది ఒకసారి పట్టి లాగినట్టు వస్తుంది. ముందుగా నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. ఆ ముక్కను, పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న చిన్న సీసాలో వేస్తారు. సీసా మీద ఆమె పేరు, వయసు సరిగ్గా రాశారో లేదో మీ కళ్లతో చూసుకోండి. రిపోర్టుకు వారం దాకా పట్టొచ్చు. ముక్క చాలకపోతే, లేదా రిపోర్టు బాగుందని వచ్చాక కూడా రక్తం కనబడుతుంటే, మత్తు ఇచ్చి హిస్టెరోస్కోపీ చేసి, లోపల కెమెరాతో చూస్తూ తీస్తారు. ఒకసారి బాగుందని వచ్చింది కదా అని అక్కడ ఆగిపోవద్దు.

మీ మామగారి భయానికీ ఒక మూలం ఉంది. అండాశయంలో అనుమానపు గడ్డ ఉంటే దాన్ని సూదితో గుచ్చడానికి మేమూ వెనకాడతాం, పగిలితే లోపల చిందుతుందని. ఆ మాటే ఊళ్లలో అన్ని ముక్క పరీక్షలకూ అంటుకుంది. గర్భసంచి పొర నుంచి, ముఖద్వారం నుంచి ముక్క తీస్తే జబ్బు పాకదు. ఈ మాట ఆయనకు నా పేరు మీద చెప్పండి.

"ముందు తీసేద్దాం" అన్న సలహా నాకు ఇంకా పెద్ద భయం. ఆ డాక్టరు గారి మనసులో ఏముందో నాకు తెలియదు, ఆయన ఇంకేదైనా చూసి చెప్పి ఉండొచ్చు. అయినా ముక్క రిపోర్టు లేకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దనే అంటాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. తీసేయడం మనకు అంత అలవాటైపోయింది. కొన్నేళ్ల కింద ఒకావిడ ఒక ఊరి నర్సింగ్ హోంలో గర్భసంచి తీయించుకుని, ఆరు నెలలకు మళ్లీ రక్తం కనబడి నా దగ్గరికి వచ్చింది. చేతిలో బిల్లు ఉంది, రిపోర్టు లేదు. తీసిన గర్భసంచిని పరీక్షకే పంపలేదు. ఆమెది ముఖద్వారం క్యాన్సర్. దానికి చేయాల్సిన ఆపరేషన్ చాలా వెడల్పైనది, చుట్టూ ఉన్న కండ కూడా తీయాలి. మామూలుగా తీసేసిన తర్వాత ఆ అవకాశం తిరిగి రాదు.

రిపోర్టులో పొర క్యాన్సర్ అని వస్తే తర్వాతి దారి ఇలా ఉంటుంది. ఎమ్మారై, ఛాతీ పరీక్ష, రక్త పరీక్షలు, షుగరు అదుపు, మత్తు డాక్టరు దగ్గర ఫిట్‌నెస్. ఆపరేషన్‌లో గర్భసంచి, ట్యూబులు, అండాశయాలు తీస్తారు, అవసరాన్ని బట్టి కటిలోని (పొత్తికడుపు కింది భాగంలోని) లింఫ్ గ్రంథులూ తీస్తారు. తొలి దశలో చాలామందికి దీన్ని లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేయొచ్చు. ముఖద్వారం క్యాన్సర్‌కు మాత్రం 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తర్వాత పొట్ట కోసి చేసే పద్ధతికే మొగ్గుతున్నాం. ఆపరేషన్ తర్వాత వచ్చే పెద్ద రిపోర్టు చూశాకే ఇంకేమైనా కావాలా అన్నది తేలుతుంది. తొలి దశలో పట్టుకుంటే ఆపరేషన్‌తోనే నయమై, ఆపైన చెకప్‌లకు మాత్రమే వచ్చేవాళ్లు ఎక్కువ. కొందరికి రేడియేషన్, కొందరికి కీమో.

ఒకవేళ జబ్బు ముఖద్వారానిదై కాస్త ముదిరి ఉంటే, మనవాళ్లు "కరెంటు పెట్టడం" అనే రేడియేషనే ముఖ్య వైద్యం. అయిదు వారాల పైచిలుకు, వారానికి అయిదు రోజులు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆపైన లోపలి నుంచి పెట్టే రేడియేషన్ (బ్రాకీథెరపీ). అంతా కలిపి ఎనిమిది వారాల్లో ముగించాలి. ఇక్కడా అదే తప్పు జరుగుతుంది. పది పదిహేను సిట్టింగులకే రక్తం ఆగిపోతుంది, "తగ్గింది కదమ్మా, కోతలున్నాయి" అని ఊరికి వెళ్లిపోతారు. తిరిగి వచ్చేసరికి ఎనిమిది వారాల గడువు దాటిపోతుంది. మొదలుపెడితే మధ్యలో ఆపకండి.

జుట్టు: కటికి పెట్టే రేడియేషన్‌తో తల జుట్టు ఊడదు. సిస్‌ప్లాటిన్ ఒక్కటే అయితే పెద్దగా రాలదు. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఇస్తే మాత్రం రెండు మూడు వారాల్లో ఊడుతుంది, వైద్యం అయిపోయాక మళ్లీ వస్తుంది. తిండి: ఇంట్లో వండేదే, గుడ్డు, పప్పు, పెరుగు తగ్గించకుండా, షుగరు చూసుకుంటూ పెట్టండి. ఆకు పసర్లు, పేరు తెలియని పొడులు వైద్యం జరిగేటప్పుడు వద్దు, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటే కీమో ఆపాల్సి వస్తుంది.

చెప్పాలా వద్దా అన్నారు. సంతకం పెట్టాల్సింది ఆమే, పరీక్ష బల్ల మీద పడుకోవాల్సిందీ ఆమే. దాచిపెట్టిన ఇళ్లలో పెద్దవాళ్లు వార్డులో పక్క మంచం వాళ్ల ద్వారా తెలుసుకోవడం చూశాను, ఆ ముఖం మర్చిపోలేను. ముక్క పరీక్ష ఎందుకో ఇప్పుడే చెప్పండి, రిపోర్టు వచ్చాక డాక్టరు ఎదుట ఆమెను కూర్చోబెట్టండి. ఎంత తెలుసుకోవాలో ఆమే అడుగుతుంది. ఆమెకు తమిళం రాకపోవచ్చు, పక్కన మీరుండండి. కొడుకుని పంపితే మరక ఎక్కడ, ఎంత అన్నది ఆమె నోరు విప్పి చెప్పదు.

ఇదంతా మనిషిని చూడకుండా రాసిన మాట. దీన్ని పట్టుకుని ఏ మందూ మొదలుపెట్టొద్దు, షుగరు, బీపీ మందులు ఆపొద్దు. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, కళ్లు తిరిగినా, ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ చూడకుండా ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ ఇష్టం. పరీక్ష వరకు ఎగ్మూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ అవుతుంది. క్యాన్సర్ అని తేలితే ఈ ఊళ్లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉండనే ఉంది. చెల్లెల్ని క్యాన్సర్‌తో పోగొట్టుకున్న ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో మొదలుపెట్టింది అది. మీ అత్తగారిది ఆంధ్ర కార్డు కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ ఇక్కడ ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు చెల్లుతుందో చేరకముందే అడిగి తెలుసుకోండి. ఆసుపత్రి మారితే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ముక్కతో చేసిన స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లాలి, కొత్త చోట వాళ్లు మళ్లీ చూస్తారు. ఈ వారంలోనే వెళ్లండి. స్కాన్ ఫిల్ము, షుగరు పుస్తకంతో పాటు ఆమె ఉగాది నుంచి వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి, ఖాళీవైనా సరే.