అదనపు లైట్లు పెట్టించే ముందు

శ్రీనూ,

బొలెరోకి ముందు రెండు అదనపు లైట్లు పెట్టిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అనంతగిరి ఘాట్‌లో తెల్లవారుజామున పొగమంచులో వెళ్లేవాడివి, అవసరమే. వైరింగ్ మాత్రం నేను చెప్పినట్టు చేయించు.

పుత్లీబౌలిలో లైట్లు కొంటే అరగంటలో బిగించేస్తామంటారు. కొన్నిచోట్ల ఆ తొందరలో హెడ్‌లైట్ వైరునే చెక్కి, కొత్త వైరు మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. అలా చేయనివ్వకు. కంపెనీ ఆ వైరుని హెడ్‌లైట్ లోడుకే లెక్కగట్టి వేసింది. 55 వాట్ల హాలోజన్లు రెండైతే 110 వాట్లు, అంటే 12 వోల్టుల బ్యాటరీ మీద తొమ్మిది ఆంపియర్ల పైమాట. అంత భారం దాని మీద, డ్యాష్‌బోర్డు స్విచ్ మీద పడితే మొదట వేడెక్కుతాయి, తర్వాత కరుగుతాయి.

కాబట్టి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, మధ్యలో రిలే ఉండాలి, అంటే కాస్త కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్ డబ్బా. నాలుగు కాళ్ల రిలే మీద అంకెలుంటాయి చూడు. 30కి బ్యాటరీ ప్లస్, 87 నుంచి లైట్లకి, 86కి స్విచ్ వైరు, 85 ఎర్త్, అంటే బండి బాడీకి. స్విచ్ మీదుగా రిలే కాయిల్‌కి కావలసిన కాస్త కరెంటే పోతుంది. దూరం కొట్టే లైట్లయితే స్విచ్‌కి సప్లయి హైబీమ్ నుంచి ఇప్పించు. ఎదురుబండి కోసం డిప్ కొట్టగానే అవీ ఆరిపోతాయి, ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మవు. ఫాగ్ లైట్లయితే పార్కింగ్ లైటు నుంచి తీసుకుని, బంపర్‌లో కిందికి పెట్టించు. పొగమంచులో హైబీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప రోడ్డు కనపడదు.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది ఫ్యూజ్. బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. లైటు దగ్గర పెడితే, అక్కడిదాకా వచ్చే వైరుకి ఏ కాపలా ఉండదు. ఆ వైరు ఎక్కడో రాసుకుని బాడీకి తగిలిందంటే బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది, ఇంజన్ గదిలోనే మంట లేస్తుంది. హాలోజన్ జతకి 2.5 స్క్వేర్ ఎంఎం ఆటో వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతాయి. రెండూ కలిపి 40 వాట్లుండే ఎల్ఈడీలైతే ఏడున్నర ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. ఎప్పుడైనా ఫ్యూజ్ పోతే కారణం వెతికించు. దాని బదులు పెద్దది వేయడం, తీగ చుట్టడం అసలొద్దు.

ఎర్త్ సంగతి చాలామంది పట్టించుకోరు. పెయింట్ గీకి మెరిసే ఇనుము మీద వైరు చివర ఉండే రింగు లగ్గుని బోల్టుతో బిగించి, పైన గ్రీజు రాయించు. లైటు మినుకుమినుకుమన్నా, డల్లుగా వెలిగినా ముందు చూడాల్సింది అక్కడే.

వైరు క్యాబిన్‌లోకి వెళ్లే రంధ్రానికి రబ్బరు గ్రామెట్ తప్పదు, రేకు అంచు వైరుని కోయకుండా పెట్టే రింగు అది. సైలెన్సర్‌కి, ఫ్యాన్‌కి దూరంగా, గొట్టం స్లీవ్‌లో నడిపించు. జాయింట్లు నొక్కి బిగించి (క్రింప్ చేసి), వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయించు, టేపు మన ఎండలకి ఊడిపోతుంది. కనెక్టర్ల మూతి కిందికి ఉండాలి, లేకపోతే వానాకాలంలో మన రోడ్ల మీద నిలిచే నీళ్లకి పచ్చగా చిలుం పడుతుంది.

పని మొదలయ్యే ముందు బ్యాటరీ మైనస్ తీయించు. పూర్తయ్యాక ఇంజన్ ఆన్‌లో ఉంచి ఇరవై నిమిషాలు లైట్లు వెలిగించి, వైరు, రిలే కాళ్లు, ఫ్యూజ్ హోల్డర్ చేత్తో తాకి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లైట్లు ఆపేసి, ఫ్యూజ్ పీకేసి, ఆదివారం బండి మా ఇంటికి పట్టుకురా.

మీ మావయ్య