పడవ ట్రైలర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటున్నాను. పదహారు అడుగుల అల్యూమినియం పడవను ట్రైలర్‌తో సహా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వారాంతాల్లో గాల్వెస్టన్ బే ఉప్పునీటిలో చేపలు పట్టడానికి వెళ్తాం. ఇప్పుడు ట్రైలర్ కమాను పట్టీలు తుప్పు పట్టాయి. ఒక చక్రం గరగరమంటోంది. వెనుక లైట్లు ఒకసారి వెలిగితే ఒకసారి వెలగవు. బాగు చేయించడం దండగ, కొత్తది కొనమని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చెప్పిన మూడింటిలో ఏదీ కొత్త ట్రైలర్ కొనాల్సినంత పెద్ద లోపం కాదు. కమాను పట్టీలు, బేరింగులు, లైట్లు, టైర్లు, పడవను మోసే చెక్కలు అన్నీ అరిగేవే, మార్చుకోవడానికి వీలుగా బిగించినవే. మీ ఉత్తరంలో ఫ్రేము ప్రస్తావన లేదు. తేల్చాల్సింది మాత్రం అదే. ఫ్రేము గట్టిగా ఉంటే మిగతావన్నీ మార్చినా గిట్టుబాటవుతుంది. అది పోయి ఉంటే దానికి కొత్త టైరు వేయడం కూడా వృథా. అందుకే విడిభాగాల ధరలు అడిగే ముందు, పడవను దించి ఖాళీ ట్రైలర్‌ను తీరిగ్గా పరీక్షించండి.

ఫ్రేము మూసిన గొట్టంలా ఉంటే మరింత జాగ్రత్త కావాలి. లోపల చేరిన ఉప్పునీరు, ఇసుక అక్కడే నిలిచిపోతాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇనుము పలచబడుతుంది. ఒక వైపు తెరిచి ఉండే సి ఆకారపు ఫ్రేములో తుప్పు కంటికి కనిపిస్తుంది, కడగడమూ సులువు. చిన్న సుత్తితో ఫ్రేము పొడవునా తడుతూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తినేసిన చోట మొద్దు శబ్దం వస్తుంది, పెచ్చులు రాలతాయి. అక్కడ స్క్రూడ్రైవర్ మొన ఆనించి గట్టిగా నొక్కండి. లోపలికి దిగిందంటే ఆ ట్రైలర్‌ను ఇక రోడ్డు ఎక్కించకండి. కమాను పట్టీల బ్రాకెట్లు ఫ్రేముకు కలిసే చోటు, అడ్డదూలాల అతుకులు, కారుకు తగిలే ముందువైపు దూలం ఫ్రేముతో కలిసే చోటు తప్పకుండా చూడాలి. బరువు, కుదుపులు ఎక్కువగా పడేది వాటి మీదే. ఫోనుకు తగిలించుకునే ఎండోస్కోప్ కెమెరాలు చవకగానే దొరుకుతున్నాయి. వైర్లు వెళ్లే రంధ్రంలోంచి ఒకదాన్ని దూర్చి గొట్టం లోపల చూడండి. పైపైన ఎర్రటి పొడి ఉంటే కంగారు పడక్కర్లేదు. పొరలు పొరలుగా ఊడుతుంటే మాత్రం కొత్తదే కొనండి.

పట్టీ వేసి వెల్డింగ్ చేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే తొందరపడకండి. పలచబడిన ఇనుము మీద వేసిన అతుకు నిలిచినా, దాని పక్కన విరుగుతుంది. గాల్వనైజ్డ్ ఫ్రేము అయితే వెల్డింగ్ వేడికి ఆ చుట్టూ జింకు పూత కాలిపోతుంది, ఆ పొగ పీల్చిన మనిషికి చలితో జ్వరం కూడా రావచ్చు. ఒకే చోట దెబ్బతిని, చుట్టూ లోహం గట్టిగా ఉంటే, పని తెలిసిన వెల్డర్‌తో చేయించి పైన జింకు పెయింటు వేయించవచ్చు. రెండు మూడు చోట్లయితే నేను వద్దనే అంటాను.

ఇక గరగర శబ్దం. అది తేలేదాకా ఆ ట్రైలర్‌ను లాగకండి, బేరింగు పట్టేస్తే హైవే మీద చక్రమే ఊడి రావచ్చు. చక్రం బిగించి ఉండే, దారి పొడవునా తిరిగి వేడెక్కిన హబ్‌ను పడవను దించే ర్యాంపు దగ్గర ఒక్కసారిగా నీళ్లలో ముంచుతాం. లోపలి గాలి కుంచించుకుపోయి, నీరు చొరకుండా ఆపే రబ్బరు సీలు అంచుల నుంచి ఉప్పునీటిని పీల్చుకుంటుంది. హబ్ విప్పినప్పుడు గ్రీజు పాలరంగులో ఉంటే నీరు చేరిందని అర్థం. బేరింగులు, సీళ్లు మార్చడం పెద్ద ఖర్చు కాదు. అయితే స్పిండిల్ (హబ్ ఎక్కి తిరిగే ఇరుసు కొన) మీద సీలు కూర్చునే చోట గోటితో గీకి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీలు వేసినా నీరు ఆగదు, ఇరుసే మార్చాలి. మీది కమాను పట్టీల ట్రైలర్ కాబట్టి యు-బోల్టులు విప్పితే ఇరుసు వచ్చేస్తుంది. కొత్తది తెప్పించే ముందు హబ్ ముఖం నుంచి అవతలి హబ్ ముఖం వరకు, ఒక కమాను మధ్య నుంచి రెండో దాని మధ్య వరకు కొలవండి. ఈ పనిలోనే పట్టీలు కూడా రెండు వైపులా మార్పించండి.

లైట్ల సంగతికి వస్తే, ముందుగా తెల్ల వైరును అనుమానించండి. నాలుగు వైర్ల ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమ రంగు వెనుక లైట్లకు, పసుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి. ఎర్త్ బిగించిన బోల్టు తుప్పు పడితే లైట్లు మీరు చెప్పినట్లే తంటాలు పెడతాయి. గీకి శుభ్రం చేసి మళ్లీ బిగించండి.

చివరికి కొత్తదే కొనాల్సి వస్తే ఉప్పునీటికి గాల్వనైజ్డ్ లేదా అల్యూమినియం ఫ్రేము తీసుకోండి, రంగు వేసిన ఉక్కు వద్దు. పడవ ఒక్కదాని బరువు చూసి కొనకండి. ఇంజిను, బ్యాటరీ, ఐసు పెట్టె, పెట్రోలు అన్నీ కలపాలి. నలభై లీటర్ల పెట్రోలే దాదాపు 30 కిలోలు తూగుతుంది.

ప్రశ్న: డాలస్‌లో మా పడవ ఏడాదిలో ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటుంది. ట్రైలర్ టైర్లు అరగలేదు. అయినా మార్చాలా?

జవాబు: ట్రైలర్ టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. టైరు పక్క గోడ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. ఐదారేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతుగా ఉన్నా మార్చండి. స్పేర్ టైరు కోడ్ కూడా చదవండి, అది ట్రైలర్ కొన్ననాటిదే అయి ఉండవచ్చు.