ఎంపీ దగ్గర ఉద్యోగమంటే పీఏ పనేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి విజయవాడలో బీఏ ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చివరి ఏడాది చదువుతోంది. డిగ్రీ అయ్యాక ఢిల్లీ వెళ్లి రాజ్యసభ సభ్యుల దగ్గర లెజిస్లేటివ్ అసిస్టెంట్‌గా చేస్తానంటోంది. నాకు తెలిసినంతలో అది ఎంపీ వెనకాల ఫైళ్లు పట్టుకుని తిరిగే పని. పైగా జనం ఓటేసి పంపని సభలో అంత చేసేదేముంటుంది? గ్రూప్-1కు కూర్చోమంటే వినడం లేదు. పంపమంటారా?

జవాబు: మీ అనుమానంలో సగం నిజముంది. ఏ ఎంపీ ఆఫీసుకెళ్లినా తిరుమల బ్రేక్ దర్శనం లెటర్లు, రైల్వే ఎమర్జెన్సీ కోటా లెటర్లు, ఎయిమ్స్‌లో బెడ్ కోసం ఫోన్లు తెల్లారక ముందే మొదలవుతాయి. అది పీఏ పని. మీ అమ్మాయి చెబుతున్నది వేరు. సభలో ఎంపీ నోరు విప్పే ముందు కాగితం మీద జరగాల్సినదంతా లెజిస్లేటివ్ అసిస్టెంట్ పని. చిక్కేమిటంటే, కొన్ని ఆఫీసుల్లో ఈ రెండూ ఒక్కరి నెత్తినే పెడతారు. చేరే ముందే అడిగి తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

జనం ఓటేయని సభ అన్నారు. ఏపీ నుంచి రాజ్యసభకు 11 స్థానాలున్నాయి. ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. ఎమ్మెల్యేలే ఎన్నుకుంటారు కాబట్టి రాజ్యసభ సభ్యుడికి ఫలానా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు నావి అనేదేమీ ఉండదు. ఏటా వచ్చే 5 కోట్ల ఎంపీ ల్యాడ్స్ నిధులకు రాష్ట్రంలో ఏ జిల్లాలోని పనినైనా సిఫారసు చేయొచ్చు. నియోజకవర్గం గోల తక్కువ కాబట్టి ఆయన పనితనం తెలిసేది సభలోనే. అది సరిగ్గా రాసిపెట్టే మనిషి కావాలి. ఇలాంటి పెద్దల సభ మీ పక్కనే ఉంది. వెలగపూడిలో 58 మంది సభ్యుల శాసన మండలి. మీరు పట్టభద్రులై, ఓటు నమోదు చేయించుకుని ఉంటే కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానానికి మీరే ఓటేసి ఉంటారు.

ఇక పని ఎలా ఉంటుందో చూద్దాం. రాజ్యసభ ఉదయం 11 గంటలకు మొదలవుతుంది. సభ ముందు పత్రాలు పెట్టాక జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర అంశాలు లేవనెత్తే సమయం. 2014 చివరి నుంచి ప్రశ్నోత్తరాలు మధ్యాహ్నం 12కు జరుగుతున్నాయి. ఆ తర్వాత బిల్లులు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటల సేపు ప్రైవేటు సభ్యుల (మంత్రులు కానివాళ్ల) బిల్లులకు, తీర్మానాలకు. అసిస్టెంట్ కష్టంలో ఎక్కువ భాగం ప్రశ్నల మీదే పోతుంది.

రోజుకు 15 స్టార్ ప్రశ్నలుంటాయి, వాటికి మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి. అన్‌స్టార్ ప్రశ్నలు 160, వాటికి రాతపూర్వక జవాబులే. ప్రశ్న నోటీసు కనీసం 15 రోజుల ముందు అందాలి, ఆ లెక్కలో నోటీసు ఇచ్చిన రోజూ జవాబు వచ్చే రోజూ కలపరు. పిల్లలు మొదట దెబ్బతినేది ఇక్కడే. పత్రికలో వార్త చూసి రేపే అడిగిద్దామనుకుంటారు. ఒక్కో మంత్రిత్వ శాఖకు వారంలో ఒక్కో రోజు కేటాయించి ఉంటుంది. శాఖ తప్పు రాస్తే ప్రశ్న ఇంకో శాఖకు బదిలీ అయి, అనుకున్న రోజు జారిపోతుంది. నోటీసుల వరుస బ్యాలెట్‌లో తేలుతుంది కాబట్టి ఎంత బాగా రాసినా అదృష్టం కూడా ఉండాలి.

మీ ఊరి సరుకుతోనే ఉదాహరణ చెప్తాను. కొత్తవాళ్లు మిర్చి మీద ప్రశ్న ఇలా రాస్తారు: ‘గుంటూరు యార్డులో మిర్చి ధర దారుణంగా పడిపోయి రైతులు కన్నీరు పెడుతుంటే ప్రభుత్వం ఎందుకు చోద్యం చూస్తోంది?’ సభలో కేకలకు పనికొస్తుందేమోగానీ నోటీసుగా నిలబడదు. ప్రశ్నలో వాదన, ఎత్తిపొడుపు, విశేషణాలు ఉండకూడదని నిబంధన. ఒకే అంశం ఉండాలి, మామూలుగా 100 మాటలు దాటకూడదు. అభిప్రాయం అడగకూడదు. అందరికీ అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారమూ అడగకూడదు. అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకొకటి. మార్కెట్ యార్డు నడిపేది రాష్ట్రం, కేంద్ర మంత్రి దానికి జవాబుదారీ కాదు. ‘ఇది రాష్ట్ర పరిధిలోని అంశం’ అని ఒక్క వాక్యంతో తప్పించుకుంటారు, లేదా ప్రశ్నే తిరస్కరణకు గురవుతుంది.

మరి కేంద్రం చేతిలో ఏముంది? 2025 ఫిబ్రవరిలో, ధర పడిపోయినప్పుడు రైతుకు తేడా చెల్లించే మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద ఏపీ మిర్చికి క్వింటాలుకు రూ.11,781 ధర, గరిష్ఠంగా 2.91 లక్షల టన్నుల పరిమితి ఖరారు చేసింది కేంద్రమే. అది అందరికీ తెలిసిన సంగతి కాబట్టి దాన్నే మళ్లీ అడిగితే లాభం లేదు. ఆ తర్వాత ఏమైందో అడగాలి. వ్యవసాయ శాఖను ఉద్దేశించి: (అ) ఈ పథకం కింద ఏపీలో ఎంత మిర్చికి, ఎందరు రైతులకు ధర తేడా చెల్లించారు, జిల్లాలవారీ వివరాలు, (ఆ) కేంద్రం వాటాగా విడుదల చేసిన మొత్తం, తేదీలతో సహా, (ఇ) పెండింగ్ ఉంటే ఎంత, కారణాలేమిటి. ఇందులో ఒక్క విశేషణం లేదు. కానీ తేదీలు అడిగారు కనుక ఆలస్యం దానంతటదే బయటపడుతుంది. మిర్చి ఎగుమతుల సంగతి కావాలంటే ఇందులో కలపకూడదు. స్పైసెస్ బోర్డు వాణిజ్య శాఖ కిందిది, దానికి ఇంకో ప్రశ్న.

స్టార్ ప్రశ్న సభలోకి వచ్చిన రోజు అసలు పరీక్ష ఉంటుంది. జవాబు కాపీ ప్రశ్నోత్తరాలకు కాస్త ముందే చేతికొస్తుంది. అడిగిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు వేసే వీలుంది. ఆ కొద్ది సమయంలో జవాబులోని పట్టిక చదివి, దాటవేసిన గడి ఏదో పట్టుకుని, ఒక్కో వాక్యంలో రెండు ప్రశ్నలు రాసివ్వాలి. ముందే రాసిపెట్టుకున్నవి అక్కడ పనికిరావు, ఎందుకంటే సగం సందర్భాల్లో వాటికి జవాబు అందులోనే ఉంటుంది. అది చూసుకోకుండా ఎంపీ చదివేస్తే మంత్రి నవ్వుతూ ‘రెండో పేజీ చూడండి’ అంటారు. ఆ తప్పు మాత్రం ఆఫీసులో ఎవరూ మర్చిపోరు.

‘సమాచారం సేకరిస్తున్నాం’ అని జవాబొస్తే చాలామంది ఉసూరుమంటారు. నిజానికి అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని వెంటాడుతుంది. మంచి అసిస్టెంట్ ఇలాంటివన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో తేదీలతో రాసుకుంటారు. సభలో మాటకూ చట్టంలో అక్షరానికీ తేడా మన రాష్ట్రానికి వేరే చెప్పక్కర్లేదు. ప్రత్యేక హోదా ప్రకటన 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలోనే అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ నోట వచ్చింది, విభజన చట్టంలో మాత్రం లేదు. బిల్లుకు సవరణ నోటీసు ఎందుకు ఇవ్వాలో, నోటి మాటతో ఎందుకు సరిపెట్టుకోకూడదో మీ అమ్మాయికి నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ప్రజలకు ముఖ్యమైన అంశాన్ని సభ దృష్టికి తెచ్చే ప్రత్యేక ప్రస్తావన (స్పెషల్ మెన్షన్) 250 మాటలు దాటకూడదు. ముందే ఆమోదం పొందిన పాఠమే చదవాలి, మధ్యలో సొంత మాటలు కలపకూడదు. జీరో అవర్‌లో మూడు నిమిషాలు, టైమవగానే మైకు ఆగిపోతుంది. తెలుగులో మూడు నిమిషాలంటే 250 నుంచి 300 మాటలు వేసుకోండి. అసలు విషయం, అడగాల్సిన కోరిక మొదటి నిమిషంలోనే రావాలి, నమస్కారాలకు, ఉపోద్ఘాతానికి చోటుండదు. ముందుగా తెలియజేస్తే సభ్యులు తెలుగులో మాట్లాడొచ్చు, అనువాదకులుంటారు. తెలుగు, ఇంగ్లిష్ రెండూ తప్పుల్లేకుండా రాయగలవాళ్లు ఢిల్లీలో అంత సులువుగా దొరకరు, మీ అమ్మాయికి అది కలిసొచ్చే సంగతే.

ప్రైవేటు సభ్యుల బిల్లుల మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. ఇప్పటిదాకా చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించినా లోక్‌సభ దాటలేదు. అయితే బిల్లు రాయడం నేర్చుకోవడానికి ఇదే బడి. ఉద్దేశాలు, కారణాల ప్రకటన, ఖర్చుంటే ఆర్థిక మెమొరాండం, నిబంధనలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తే దానికో మెమొరాండం జత చేయాలి. శాఖలవారీగా బిల్లులు, ఖర్చులు పరిశీలించే స్థాయీ సంఘాల సంగతి వేరు. ఒక్కో సంఘంలో 31 మంది ఉంటారు, అందులో 10 మంది రాజ్యసభ వాళ్లు. ఆ సమావేశాల్లోకి అసిస్టెంట్లకు ప్రవేశం లేదు. నివేదిక సభకు వచ్చేదాకా ఆ కాగితాలు రహస్యం, స్నేహితులకు వాట్సాప్‌లో పంపినా తప్పే.

ఇంకో జాగ్రత్త. ప్రశ్నలు దాఖలు చేసే పోర్టల్ లాగిన్ ఎంపీది. చనువుతో పాస్‌వర్డ్ ఇస్తామన్నా తీసుకోవద్దని చెప్పండి. డ్రాఫ్ట్ రాసిచ్చి, దాఖలు ఆయన చేతే చేయించాలి. కంపెనీల వాళ్లు ‘ఈ ప్రశ్న అడిగించండమ్మా’ అని తయారు చేసిన కాగితం తెచ్చిస్తారు, అది అస్సలు ముట్టుకోకూడదు. ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారని 2005లో 11 మంది ఎంపీలు సభ్యత్వం పోగొట్టుకున్నారు.

చేరే దారులు ముఖ్యంగా రెండు. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ మొదటిది. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు, వయసు 25 దాటకూడదు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పని చేయిస్తారు, స్టైపెండ్ ఇస్తారు. రకరకాల పార్టీల ఎంపీలకు ఫెలోలను కేటాయిస్తారు కాబట్టి పార్టీ ముద్ర భయం అక్కర్లేదు. తేదీలు, షరతులు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. వ్యాసం రాయమంటారు, చాలామంది వడపోతలో పోయేది అక్కడే. రెండో దారి నేరుగా ఎంపీకి రాయడం. సహాయకుల జీతం కోసం ఎంపీకి నెలకు 40 వేలని 2018లో నిర్ణయించారు, తర్వాత పెంచారు. కానీ అందులోంచే పీఏకూ ఇవ్వాలి. అందువల్ల కొత్తవాళ్లకు మిగిలేది తక్కువే. ఢిల్లీలో పేయింగ్ గెస్ట్ గది అద్దె, తిండి పోను ఇంటికి పంపేంత ఉంటుందని లెక్కలేసుకోవద్దు.

నా అభిప్రాయం అడిగితే, ఇది ఏడాది, రెండేళ్ల పని, జీవితాంతం చేసే ఉద్యోగం కాదు. ఎంపీ పదవి పోతే మీ అమ్మాయి కుర్చీ కూడా పోతుంది. ఆ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి వెళ్లొచ్చు, పబ్లిక్ పాలసీలో పీజీ చేయొచ్చు, పాలసీ పరిశోధన సంస్థల్లో చేరొచ్చు. గ్రూప్-1, సివిల్స్‌కు కూడా ఈ అనుభవం వృథా పోదు, పాలిటీ, ఎకానమీ పేపర్లకు నేరుగా పనికొస్తుంది. కాకపోతే సమావేశాలు జరిగే వారాల్లో పుస్తకం ముట్టే తీరిక ఉండదు. ఉద్యోగం చేస్తూనే ప్రిలిమ్స్ కొడతానంటే నేనైతే నమ్మను. ఒకటి అయ్యాక ఒకటి పెట్టుకోమనండి.

పంపాలా వద్దా అనేది డిగ్రీ అయ్యేలోపు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సంసద్ వెబ్‌సైట్‌లో రాజ్యసభ ప్రశ్నలు, జవాబులు అన్నీ ఉంటాయి. ఏపీ సభ్యుల్లో ఒకరిని ఎంచుకుని గత రెండు సమావేశాల్లో ఏమడిగారో, ఏం జవాబొచ్చిందో, దేనికి జవాబు దాటేశారో పట్టిక వేయమనండి. పీఆర్‌ఎస్ సైట్‌లో హాజరు శాతం, ప్రశ్నల సంఖ్య చూసి మాత్రం తీర్పులివ్వొద్దు. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు, ఆ సున్నాలకు అర్థం వేరు. 200 ప్రశ్నలున్నా అవన్నీ ‘పథకం వివరాలు తెలపండి’ రకమైతే లాభమేముంది? పట్టిక అయ్యాక మిర్చి కాకుండా ఇంకో స్థానిక అంశం తీసుకుని, ప్రకాశం బ్యారేజీ ఎగువ పూడికో, గుంటూరు రైల్వే పనులో, మూడు ప్రశ్నలు, ఒక 250 మాటల ప్రత్యేక ప్రస్తావన, ఏదైనా పెండింగ్ బిల్లు మీద రెండు పేజీల నోట్ రాయమనండి. నోట్‌లో ప్రస్తుత చట్టం ఏమంటోంది, బిల్లు ఏ సెక్షన్ మారుస్తోంది, ఎవరికి నష్టం అనే మూడూ ఉంటే చాలు. అందులో బ్యారేజీ పూడిక రాష్ట్రం పనా, కేంద్రం పనా అన్నది తనే తేల్చుకోవాలి.

ఈ నిబంధనల మధ్య రాయడం తనకు విసుగనిపిస్తే గ్రూప్-1 పుస్తకాలు తెప్పించండి. హుషారుగా కూర్చుని తిరగరాస్తుంటే ఆ నోట్, ఆ మూడు ప్రశ్నలు జత చేసి ఎంపీ ఆఫీసులకు మెయిల్ పెట్టించండి. బయోడేటా ఒక పేజీ చాలు, మెయిల్ ఆరేడు వాక్యాలు దాటక్కర్లేదు. సమావేశాలకు నెల ముందు పంపాలి, సమావేశాల మధ్యలో పంపితే ఎవరూ తెరవరు.